చివరి ఇంట్లో వినబడితేనే

జిపార్ ఎజే వేళ్ళ కొసలు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి. పొగాకు మరక కాదు, ఆవిడకు ఆ అలవాటు లేదు. పాత టేపుల మీంచి రాలే పొడి అది. సబ్బుకు పోయేది కాదు. టీ గిన్నె పట్టుకుంటే గిన్నె అంచుకు అంటుకునేది, రొట్టె తుంచితే రొట్టెకు అంటుకునేది. "నేను రోజుకో పాట తింటున్నాను, అందుకే లావెక్కుతున్నా" అనేది నవ్వుతూ.

నా గడియారాల కొట్టు ఆవిడ గదికి సరిగ్గా కింద. మా కొండల ఊరు నార్యన్‌లో పాత పోస్టాఫీసు భవనం తెలియనివాళ్ళు లేరు కదా, దాని కింది భాగంలో నేను, పైన ఆవిడ. మధ్యలో ఉన్నది చెక్కల పైకప్పు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ చెక్కల సందుల్లోంచి గొంతులు రాలుతూ ఉండేవి. ఎప్పుడో చనిపోయిన గాయకుల పాటలు, అరవై ఒకటో సంవత్సరపు వాతావరణ సూచన, పాల దిగుబడి మీద ఎవరిదో ఉపన్యాసం, చప్పట్లు, దగ్గు. మధ్యాహ్నం భోజనమయ్యాక చేతిలో గడియారం పట్టుకునే కునుకుతీసేవాణ్ణి. అప్పుడు వినబడుతున్నది కలలోంచి వస్తోందో, పైకప్పులోంచి వస్తోందో తేడా తెలిసేది కాదు. నలభై ఏళ్ళ కిందటి మంచు రేపు కురుస్తుందని ఎవరో చెబుతుంటే, లేచి కిటికీ వేసిన రోజులున్నాయి.

ఊరంతా ఆవిడను ఎజే అనే పిలిచేది. అక్క అన్నమాట. ఆవిడకంటే పెద్దవాళ్ళూ అలాగే పిలిచేవారు, ఎందుకంటే ఒకప్పుడు ప్రతి వంటింటి గోడ మీదా ఉన్న రేడియో పెట్టెలోకి పాటలు పంపింది ఆవిడే. తీగల రేడియో రోజులవి. ఊళ్ళోకి మూడు తీగల దారులు పోయేవి. పైగదిలో మూడు మీటలు, మీటకొక బుడ్డి దీపం. ఇరవై రెండేళ్ళ పిల్లగా అక్కడ చేరినప్పుడు ఆవిడకు పని నేర్పింది ఇమానాలీ బైకే. బైకే అంటే అన్నయ్య, అలా పిలిచినా ఆయన తండ్రి వయసువాడు. పనికి ఒక పుస్తకం, ఒక పెన్సిలు, రెండు నియమాలు పెట్టాడట.

మొదటిది: ఏ పని చేయబోతున్నావో ముందు రాయి, తర్వాత చెయ్యి, అయిపోయాక పక్కన టిక్కు పెట్టు. "మధ్యలో కరెంటు పోవచ్చు, నీకు నొప్పులు రావచ్చు, నేను చచ్చిపోవచ్చు. తర్వాత వచ్చేవాడు పుస్తకం తెరిస్తే టిక్కు లేని వరస ఒక్కటే కనబడాలి. ఊరంతా తిరిగి వెతుక్కోకూడదు" అనేవాడట.

రెండోది: దీపం వెలిగిందని టిక్కు పెట్టకు. "దీపం నువ్వు నొక్కిన మీటకు వెలుగుతుంది, పాటకు వెలగదు. తీగ చివర ఉన్న ఇంటికి ఫోన్ చేసి వినబడుతోందా అని అడుగు. వినబడుతోందంటేనే టిక్కు."

మూడో తీగ చివర, తోళ్ళ కర్మాగారం వెనక, ఒక ముసలావిడ ఇల్లు ఉండేది. రోజూ పొద్దున ఆరింటికి జిపార్ ఫోన్ చేసేది. ఆవిడ రోజూ ఒకటే మాట: "వినబడుతోందిలేవే. వార్తల్లోనే ఏమీ లేదు."

తర్వాత దేశం మారింది, తీగలు ఎవరెవరో పీక్కుపోయారు, వంటిళ్ళల్లో పెట్టెలు మూగబోయాయి. మెట్ల కింద సామాను గదిలో పదకొండు వందల రీళ్ళు మిగిలాయి. వాటితోపాటు జిపార్ ఎజే మిగిలింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు. ఏదో సంస్థవాళ్ళు ఒక కంప్యూటరు ఇచ్చి, రీళ్ళల్లో ఉన్నది ఇందులోకి ఎక్కించమన్నారు. దాంతోపాటు వచ్చిన లినక్స్ పుస్తకం రష్యన్‌లో ఉంది. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, రోజుకు రెండు పేజీల చొప్పున చదివింది. అర్థంకాని మాట వస్తే పెన్సిలుతో కింద గీత గీసి, మెట్లు దిగి వచ్చి నన్నడిగేది. నాకేం తెలుసు? గడియారం భాషలో ఏదో చెప్పేవాణ్ణి. సగం సార్లు అది సరిపోయేది, అదే విచిత్రం.

అసలు గొడవ కరెంటుతో. చలికాలం మొదలైందంటే వేళాపాళా లేకుండా పోయేది, ఏప్రిల్‌దాకా అంతే. కంప్యూటరుతోపాటు ఒక బ్యాటరీ పెట్టె కూడా ఇచ్చారు గానీ మా చలికి రెండేళ్ళకే చచ్చింది. దాని మీద ఇప్పుడు టీ కెటిల్ కూర్చుని ఉండేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కంప్యూటరు నిద్రలేచి, నా ఒంట్లో ఏది ఎక్కడుందో నాకే తెలియదన్నట్టు, డిస్కంతా మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టుకునేది. ఇరవై రెండు నిమిషాలు. తెర మీద శాతాలు నత్తల్లా పాకేవి. లెక్క తేలాక, ఎక్కడివో తెలియని ముక్కలు మిగిలితే వాటికి పేర్లు తీసేసి, అంకెలు తగిలించి, ఒక మూల పడేసేది.

జిపార్ ఎజే ఆ మూలను తప్పిపోయినవాళ్ళ చావడి అనేది. ఒక్కొక్క అంకె తెరిచి, కళ్ళు మూసుకుని వినేది. పేరు లేదు, ఊరు లేదు, రెండు మూడు క్షణాల గొంతు. "ఇది అక్‌తాల్ వాళ్ళ యాస... ఈ నవ్వు ఎవరిదబ్బా, ఆ కుంటి జానపద గాయకుడిది కదూ..." అని పేర్లు తిరిగి పెట్టేది. కింద నేను చిమ్టాతో చక్రం పట్టుకుని, ఒకే నవ్వు పదిసార్లు వినేవాణ్ణి.

ఆ ఫిబ్రవరిలో మాత్రం పేరు పెట్టలేని నష్టం జరిగింది. ఒక ముసలాయన నోటితో వాయించే ఇనుప తీగ వాద్యం, ఒకే రీలు. పాత టేపు ఒకసారి తిరిగితే దాని మీది పూత పొడిగా రాలిపోతుంది, రెండోసారి తిప్పితే ఉత్త ప్లాస్టిక్ రిబ్బను. రీలు చివరికొచ్చేసరికి కరెంటు పోయింది. లెక్కపెట్టుకుని లేచిన కంప్యూటరు నాలుగు అంకెల ముక్కలు చేతిలో పెట్టింది. మిగతాదంతా మంచు తుపాను హోరు. ఆ రోజు ఎజే మెట్లు దిగి నేరుగా ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు చూశాను, పుస్తకంలో టిక్కు లేని ఆ వరస పక్కన ఒక్కటే మాట: "పోయింది."

*

ఏప్రిల్ మొదటి సోమవారం, ఎగువ లోయకు తిరిగే డ్రైవరు షామ్‌షీ వ్యాను దిగి, చంకలో ఎండు పెరుగు ఉండల సంచితో ఒక ముసలావిడ నా కొట్లోకి వచ్చింది. తలకు తెల్ల గుడ్డ, కాళ్ళకు రబ్బరు బూట్లు, ఆ బూట్ల మీద ఇంకా గొర్రెల దొడ్డి బురద.

"గొంతులు దాచే ఇల్లు ఇదేనా?"

"పైన అపా. ఇక్కడ గడియారాలు" అన్నాను. పెద్దావిడలను మేము అపా అంటాం, అమ్మా అన్నట్టు.

"గడియారాలకేం, పోతే ఇంకోటి" అని మెట్లెక్కింది. నా పని పక్కన పెట్టి నేనూ ఎక్కాను.

ఆవిడ పేరు జూరాకన్. ఎగువ లోయలో గొర్రెల మంద. ఆ వసంతంలో తొలిచూలు గొర్రెలే ఎక్కువ ఈనాయట. మంచులో ఈనిన భయానికో ఏమో, పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదు. వాసన చూసి తల తిప్పేసుకుంటున్నాయి. కొమ్ముతో నెడుతున్నాయి. పదకొండు పిల్లలు సీసా పాల మీద ఉన్నాయి, రెండు అప్పుడే పోయాయి.

"మా అమ్మ కల్‌బూబూ ఉన్నప్పుడు ఒక్క పిల్ల పోలేదు. గొర్రె పక్కన కూర్చుని పాడేది. పొద్దు వాలేసరికి ఎంత మొండిదైనా పొదుగు ఇచ్చేది" అంది జూరాకన్ అపా. "నాకు ఆ పాట మొదలు తెలుసు, చివర తెలుసు. మధ్య తెలీదు. మధ్యలోనే గొర్రె ఒప్పుకునేది."

"నేర్చుకోలేదా అపా?" అన్నాను.

"నువ్వు మీ అమ్మ వంటలన్నీ నేర్చుకున్నావా? అమ్మ ఉంటుందనుకున్నాను." నావైపు చూడటం మానేసి ఎజే వైపు తిరిగింది. "అరవై ఎనిమిదిలో మీ ఊరునుంచి ఒకాయన గుర్రం మీద పెట్టె వేసుకొచ్చి అమ్మ చేత పాడించుకున్నాడు. ఆ పెట్టె ఎక్కడుందో చెప్పు అమ్మాయ్."

యాభై రెండేళ్ళ ఎజేను అమ్మాయ్ అని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఎజే కిందికి వెళ్ళి నాలుగువందల పదిహేడో నంబరు రీలుతో వచ్చింది. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన. అడుగున సన్నటి గోధుమరంగు పొడి. ఇమానాలీ బైకే చేతిరాత: "కల్‌బూబూ. గొర్రెను ఒప్పించే పాట. వాన పడుతోంది."

ఎజే టేపు కొసను వేలితో తడిమి చూసింది. తడిమినంతమేరా వేలు గోధుమరంగు అయింది.

"అపా, ఇది ఒక్కసారే పలుకుతుంది. ఆ ఒక్కసారి నేను పట్టుకోలేకపోతే ఇక లేదు. నాకు గురువారందాకా టైమివ్వు."

"ఎందుకు? నువ్వు కూడా ఈనబోతున్నావా?"

"నేల మార్చాలి" అంది ఎజే.

*

ఆ నేల సంగతి నాకు మంగళవారం పొద్దున టీ తాగుతూ చెప్పింది. ఆ కంప్యూటరుకు ఒకటే గది. దాని ప్రాణమూ, దాచిన గొంతులూ అన్నీ ఆ ఒక్క పార్టిషన్‌లోనే. దాన్ని రూటు అంటారు. అందులో ఏది ఎక్కడ పెట్టామో గుర్తుంచుకునే పద్ధతి పాతది. నేరుగా పనిలోకి దిగిపోతుంది, ముందు ఏమీ రాసుకోదు. అందుకే మధ్యలో దెబ్బ తగిలితే ఎక్కడ ఆగిందో తెలియక అంతా లెక్కపెడుతుంది. కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. అది ఒక చిట్టా పెట్టుకుంటుంది. చేయబోయే మార్పు ముందు చిట్టాలో, తర్వాత అసలు చోట్లో, అయ్యాక చిట్టాలో కొట్టివేత. కరెంటు పోయి వస్తే చిట్టా ఒక్కటి చూసుకుంటే చాలు.

"ఇది ఇమానాలీ బైకే పుస్తకం కదా" అన్నాను.

"అదే కదా నేననేది! ఎవరో తెలివైనవాళ్ళు పెద్ద పెద్ద చదువులు చదివి చివరికి మా బైకే దగ్గరికొచ్చారు" అని మోకాలి మీద చరుచుకుంది. "ఉన్నవాటిని ఖాళీ చేయక్కర్లేదట. ఒక్క ఆజ్ఞతో పాత గదికే చిట్టా అల్మారా తగిలించుకోవచ్చట. పేజీ నూట తొంభై రెండు."

తన పెన్సిలు పుస్తకంలో రాసింది: "9.40 – రూటుకు చిట్టా తగిలించబోతున్నాను." ఆజ్ఞ కొట్టింది. కంప్యూటరు కాసేపు గుర్రుమని, అయిందంది. తర్వాత, నిద్రలేవగానే ఏ గదిని ఏ పద్ధతిలో తెరవాలో రాసి ఉండే చిన్న కాగితంలాంటి ఫైలు తెరిచి, పాత పద్ధతి పేరు కొట్టేసి కొత్తది రాసింది. కంప్యూటరును ఆపి మళ్ళీ లేపింది. "ఇప్పుడు ఏ పద్ధతిలో ఉన్నావు?" అని అడిగింది. కొత్త పద్ధతి అని జవాబు వచ్చింది. ఎజే వెనక్కి వాలి కూర్చుని, పెన్సిలు నాలుకకు అద్ది, టిక్కు పెట్టింది.

కిటికీ బయట పోప్లార్ చెట్లకు ఇంకా ఆకు రాలేదు. నది మీద మంచు పగిలి, పెద్ద పెద్ద పలకలు ఒకదానికొకటి తగులుతూ కిందికి పోతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఇద్దరం చల్లారిన టీ తాగాం.

*

గురువారం పదింటికే జూరాకన్ అపా వచ్చి కూర్చుంది. మూడింటికి షామ్‌షీ వ్యాను, అది తప్పితే మళ్ళీ ఆదివారమే. నేను టేపు యంత్రానికి కొత్త రబ్బరు పట్టీ బిగించాను. ఎజే పత్తితో, టేపు రాసుకుపోయే దాని తల తుడిచి, పుస్తకంలో రాసింది: "10.20 – 417వ రీలు తిప్పబోతున్నాను." మీట మీద వేలు పెట్టింది.

కరెంటు పోయింది.

వేలు మీట మీదే ఉండిపోయింది. నొక్కలేదు. రీలు కదల్లేదు.

"నీ వేలుకు మంత్రం ఉందే అమ్మాయ్" అంది అపా.

"మంచిదే అయింది అపా. చూడు, ఇప్పుడు కరెంటు వస్తే ఇది రెప్పపాటులో లేస్తుంది. కొత్త నేల కదా." ఎజే గొంతులో సన్నటి గర్వం.

పదకొండింటికి కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచింది. తెర మీద శాతాలు మొదలయ్యాయి. ఒకటి. రెండు. మూడు.

ఎజే ముఖం చూడలేకపోయాను. ఇరవై రెండు నిమిషాలూ ఆవిడ తెర ముందు కదలకుండా కూర్చుంది. అపా సంచిలోంచి ఎండు పెరుగు ఉండ తీసి చప్పరిస్తూ, "మా గొర్రెలు కూడా ఇంతే, లేవమంటే ముందు కాళ్ళు లెక్కపెట్టుకుంటాయి" అంది.

లెక్క అయ్యాక ఎజే మళ్ళీ అడిగింది: ఏ పద్ధతిలో ఉన్నావు? కొత్త పద్ధతి అనే జవాబు.

"అబద్ధం చెబుతోంది" అన్నాను.

"యంత్రానికి అబద్ధం రాదు. ఎవరో రాసిచ్చింది చదువుతోంది." ఈ మాట అన్నాక ఆవిడే ఆగిపోయింది. పుస్తకం తన వైపు తిప్పుకుని మంగళవారపు టిక్కును చూసింది. గోడ మీద, మూడు మీటలు ఊడబెరికిన చోట, బుడ్డి దీపాల గుంటలు మూడు ఇంకా ఉన్నాయి. అటు చూసింది.

"తమ్ముడూ, నేను దీపాన్ని చూసి టిక్కు పెట్టాను. రాసింది నేనే, చదివి వినిపించింది అది. నా కాగితాన్నే నాకు చూపించింది. చివరి ఇంటికి ఫోన్ చేయనే లేదు." ముప్పై ఏళ్ళలో ఇంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా వినలేదు. "ఇమానాలీ బైకే ఉంటే పెన్సిలు లాక్కునేవాడు."

"ఈ పెట్టెకు చివరి ఇల్లు ఎక్కడుంది ఎజే?"

"ఉంటుంది. తలుపు నిజంగా తెరిచినవాడు ఒకడుంటాడు కదా. వాణ్ణే అడగాలి."

రష్యన్ పుస్తకంలో వెతికింది. పేజీలు తిప్పుతుంటే వేళ్ళ ముద్రలు గోధుమరంగులో పడుతున్నాయి. కెర్నెల్ అని, కంప్యూటరు గుండెకాయలాంటిది, అది తాను తెరిచిన తలుపుల పట్టీని వేరుగా తన దగ్గరే ఉంచుకుంటుందట. ఆ పట్టీని ఎవరూ రాసివ్వరు, జరిగిందే అందులో ఉంటుంది. దాన్ని తెరిచింది. రూటు, పక్కన: పాత పద్ధతి.

మంగళవారంనుంచీ పాత పద్ధతే. చిట్టా అల్మారా గోడకు ఉంది, ఎవరూ దాన్ని తెరవలేదు. ఎజే మంగళవారపు టిక్కు మీద అడ్డంగా గీత గీసింది.

ఎందుకు తెరవలేదో తెలియడానికి ఇంకో అరగంట. కొత్త పద్ధతి ఎలా చదవాలో గుండెకాయకు పుట్టుకతో రాదు. ఆ విద్య ఒక చిన్న ఫైలుగా డిస్కులో ఉంది. డిస్కు తెరవాలంటే ఆ విద్య కావాలి.

"తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేశామన్నమాట" అన్నాను.

"అందుకని పాత చెవితో తెరుచుకుంది, నోరు మూసుకుని. పాత చెవి కూడా పడుతుంది దీనికి, అదే మన ఖర్మ." కళ్ళజోడు తుడుచుకుంది. "నిద్రలేవకముందే దాని దుప్పట్లో ఒక చిన్న మూట పెట్టాలట, అందులో ఈ చెవి ఉండాలి. కళ్ళు తెరవగానే మొదట ఆ మూట విప్పుతుంది, తర్వాత తలుపు."

"మా పసిపిల్లల తలకింద రొట్టెముక్క పెడతాం, అట్లాగా?" అంది అపా.

"అచ్చం అట్లాగే అపా."

"మరి పెట్టవేం? చెబుతూ కూర్చున్నావు."

ఎజే రాసింది: "12.05 – మొదటి మూట కట్టబోతున్నాను. పాత దారి కూడా ఉంచుతున్నాను." మూట సరిగ్గా కుదరకపోతే కంప్యూటరు అసలు లేవకపోవచ్చు, ఉన్న గొంతులన్నీ దానిలోనే. అందుకని లేచే వేళ ఏ దారిన లేవాలో ఎంచుకునే చోట పాత దారిని చెరపకుండా కింద ఉంచింది. మూట కట్టింది. ఆపింది. లేపింది. ఈసారి తెర మీది మాటలను ఆవిడ చూడనేలేదు. లేవగానే నేరుగా కెర్నెల్ పట్టీకే వెళ్ళింది. కొత్త పద్ధతి.

టిక్కు పెట్టలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కుర్చీ దిగి, బల్ల కిందికి వంగింది. నాకర్థమయ్యేలోపే కంప్యూటరు తీగను గోడలోంచి ఊడబెరికింది.

"పిచ్చెక్కిందా ఎజే!" అని అరిచాను. కెటిల్ దొర్లిపడింది.

"వినబడుతోందా అని అడుగుతున్నాను" అంది బల్ల కిందనుంచే.

మళ్ళీ తీగ పెట్టింది. అపా బొట్టనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతోంది. శాతాలు రాలేదు. చిట్టాలో చూసుకుంటున్నానని ఒక్క వరస వచ్చింది, పోయింది. అపా రెండో చెయ్యి మొదలుపెట్టేలోపే కంప్యూటరు సిద్ధంగా కూర్చుంది.

అప్పుడు టిక్కు.

*

రీలు తిరిగింది ఒంటిగంట పదిహేనుకు.

మొదట వాన. ముప్పై అయిదేళ్ళ కిందటి వాన, గుడారం మీద పడుతున్నది. ఎక్కడో గుర్రం ముక్కు చీదింది. ఇమానాలీ బైకే గొంతు, ఇంకా ముసలితనం రాని గొంతు, "కానివ్వమ్మా" అంది. తర్వాత కల్‌బూబూ.

అది పాటలా మొదలవలేదు. నిట్టూర్పు సాగి సాగి పాటలోకి నడిచినట్టుంది. తోయ్, తోయ్ అని ఒక పిలుపు, దాని వెనక మాటలు కాని మాటలు, గొర్రెను తిడుతున్నట్టూ బతిమాలుతున్నట్టూ. టేపు కిందనుంచి గోధుమరంగు పొడి, ఎండలో, సన్నగా రాలుతోంది. పాడిన ప్రతి మాటా పాడగానే దుమ్మవుతోంది. ఆ పొడి బల్ల మీద చిన్న గుట్టగా పోగవుతుంటే, మందలోంచి తప్పిన గొర్రెలు ఎక్కడో ఒకచోట చేరుతున్నట్టనిపించింది నాకు. జూరాకన్ అపా కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మొదలు ఆవిడకు తెలుసు. కాసేపటికి పెదవులు ఆగాయి. మధ్యలోకి వచ్చామని నాకు అలా తెలిసింది.

అప్పుడు పోయింది కరెంటు.

గొంతు లావై, బరువై, ఆగిపోయింది. రీళ్ళు ఆగాయి. తెర చీకటైంది. నది చప్పుడు ఒక్కటే. అది టేపులో వానేనేమో అనిపించేంత దగ్గరగా ఉంది. ఎండ గోడ మీద ఒక బెత్తెడు జరిగింది. అపా కళ్ళు తెరవకుండానే, "ఉందా, పోయిందా?" అంది.

"నేల మీద పడిందంతా ఉంటుంది అపా. గాలిలో ఉన్నది నాకు తెలీదు."

నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచింది, చిట్టా చూసుకుంది, కూర్చుంది. తప్పిపోయినవాళ్ళ చావడిలో ఒక్క అంకె లేదు. ఫైలు పేరుతోనే, దాని చోట్లోనే ఉంది. ఎజే చివరికి జరిపి వినిపించింది. కరెంటు పోవడానికి నాలుగు క్షణాల ముందుదాకా పాట మొత్తం ఉంది. మిగిలిన సగం రీలును ఆగినచోటునుంచే ఇంకో ఫైలులోకి తిప్పింది. ఈసారి ఎవరూ ఆపలేదు. ఆ నాలుగు క్షణాలు మాత్రం బల్ల మీద పొడిగా ఉన్నాయి.

"రెండూ అతికేస్తే తెలీదు కదా ఎజే" అన్నాను.

"తెలియాలి. పోయినచోట పోయిందని తెలియాలి" అంది. క్యాసెట్టులోకి ఎక్కించేటప్పుడు మధ్యలో నాలుగు క్షణాలు మౌనం వదిలింది.

అపా ఆ మౌనాన్ని రెండుసార్లు విన్నది. "ఇక్కడ అమ్మ గొర్రె ముక్కును పిల్లవైపు తిప్పేది" అంది మెల్లగా. "చేతులకు గుర్తుంది. నోటికే గుర్తులేదు."

షామ్‌షీ హారన్ కొట్టాడు. అపా క్యాసెట్టును కోటు లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకుని, ఎండు పెరుగు సంచి మొత్తం బల్ల మీద వదిలేసి వెళ్ళింది. మెట్ల మీదనుంచి అరిచింది: "ఆ కుర్రాడికి కూడా పెట్టు అమ్మాయ్, అరవడం తప్ప ఏమీ చేయలేదు గానీ!" కుర్రాడంటే నలభై ఏడేళ్ళ నేను.

ఎజే పుస్తకం ముందు కూర్చుంది. "10.20 – 417వ రీలు తిప్పబోతున్నాను" పక్కన పెన్సిలు ఆనించి, తీసేసింది.

"ఇంకా ఏం కావాలి?" అన్నాను. "ఫైలు ఉంది, చిట్టా ఉంది, చూశాం."

"ఇవన్నీ దీపాలు తమ్ముడూ. ఈ తీగ చివరి ఇల్లు ఎగువ లోయలో ఉంది."

*

పన్నెండు రోజులు ఆ వరస అలాగే ఉంది. ఈలోగా కరెంటు తొమ్మిదిసార్లు పోయింది, శాతాలు ఒక్కసారీ రాలేదు. పైన వేరే గొంతులు మొదలయ్యాయి. పోప్లార్లకు జిగురు మొగ్గలు వచ్చాయి. నేను కునుకు తీసినప్పుడల్లా తోయ్, తోయ్ అని వినబడేది. లేచి చూస్తే పైన పాల దిగుబడి ఉపన్యాసం.

పదమూడో రోజు మధ్యాహ్నం వ్యాను నా కొట్టు ముందు ఆగింది. షామ్‌షీ దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి పైకి అరిచాడు.

"జిపార్ ఎజే! జూరాకన్ అపా చెప్పమంది! వినబడిందట!"

పైకిటికీ తెరుచుకుంది. "ఎవరికి వినబడింది? సరిగ్గా చెప్పు!"

"గొర్రెలకి! మూడు ఒప్పుకున్నాయట. నాలుగోది టేపు రికార్డరును తన్నిందట, పగిలిపోయింది. ఇక పెట్టె లేదని అపానే కూర్చుని పాడిందట, మొదటినుంచి చివరిదాకా."

"మధ్య కూడానా?"

"మధ్య సంగతి నాకేం తెలుసు ఎజే, నేను డ్రైవర్ని. నాలుగోది కూడా ఇచ్చిందట పాలు. అదీ చెప్పమంది."

వ్యాను వెళ్ళిపోయింది. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. పైన గొంతులు లేవు. కుర్చీ జరిగిన చప్పుడు విన్నాను. పుస్తకం తెరిచిన చప్పుడు. తర్వాత, చెక్కల పైకప్పులోంచి, పెన్సిలు కాగితం మీద ఒక్కసారి గీసిన చప్పుడు.